కన్నడ బడిలో చదివే తెలుగు పిల్లల కోసం ఐదు పుస్తకాలు: ఒక సొంత ప్రచురణ లెక్కలు

గత మూడేళ్ళుగా మా ఇల్లు నా పుస్తకాల అమ్మకంతోనే నడుస్తోంది. బెంగళూరు రామమూర్తినగర్‌లో అద్దె ఇల్లు, ఇద్దరం మనుషులం, నేనూ మా అమ్మా. వేరే జీతం లేదు, పొలం లేదు. నా దగ్గరికి సలహా కోసం వచ్చే రచయితలు ముందుగా ఒకే ప్రశ్న వేస్తారు: "ఎన్ని కాపీలు అమ్మితే ఉద్యోగం మానేయవచ్చు?" దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. నా అనుభవంలో కాపీల సంఖ్యకూ చేతికి వచ్చే డబ్బుకూ ఉన్న సంబంధం చాలా పలుచన. ఒకే ఏడాది ఒక దారిలో 800 కాపీలు వెళ్ళి 2,400 రూపాయలు మిగిలాయి, మరో దారిలో 2,600 కాపీలు వెళ్ళి రెండు లక్షలకు పైగా మిగిలాయి. అందుకే లెక్కలన్నీ విప్పి రాస్తున్నాను.

మొదట కథల సంపుటి గురించి చెప్పాలి. 2017లో వెయ్యి కాపీలు అచ్చు వేయించాను, 62,000 రూపాయలు అయింది. అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో ప్రాథమిక తరగతుల టీచరును, ఆ డబ్బు రెండేళ్ళ పొదుపు. రెండేళ్ళలో 310 కాపీలు అమ్ముడయ్యాయి, అందులో 190 కాపీలకే డబ్బు వచ్చింది. నాలుగు వందల దాకా చేతుల మీదుగా పంచిపెట్టాను. మిగిలినవి చాలాకాలం మంచం కింద ఉన్నాయి. ఆ కథలంటే నాకిప్పటికీ ప్రేమే. వాటిని చదివినవారు బాగున్నాయనే అన్నారు. కానీ ఆ పుస్తకాన్ని వెతుక్కుంటూ వచ్చే మనిషి ఎవరో నాకు తెలియదు, ఆ మనిషికి నేను తెలియదు. మధ్యలో ఉన్నది దుకాణం ఒక్కటే. దుకాణం నలభై శాతం తగ్గింపు తీసుకుంటుంది, అమ్మాకే చెల్లిస్తుంది, అమ్మిందో లేదో మనమే అడుగుతూ ఉండాలి. నేను అడగడానికి మొహమాటపడ్డాను. 120 కాపీల డబ్బు అలా పోయింది.

2019లో మూడో తరగతిలో ఒక పిల్లవాడు తన మామయ్య పెళ్ళి శుభలేఖ తెచ్చి నా ముందు పెట్టాడు. వాళ్ళది అనంతపురం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంగ్లీషు. "టీచర్, ఇందులో సగం అక్షరాలు నాకు వచ్చు, సగం రావు" అన్నాడు. వేలు పెట్టి చదువుతున్నాడు. న, ద, స, మ, వ దగ్గర ఆగలేదు. క దగ్గర ఆగాడు, త దగ్గర ఆగాడు, శ దగ్గర పూర్తిగా నిలిచిపోయాడు. ఆ మధ్యాహ్నం నాకు నేను రాయవలసిన పుస్తకం మొత్తం కనిపించింది.

కర్ణాటకలో 2015 నాటి కన్నడ అభ్యసన చట్టం 2017-18 నుంచి ఒకటో తరగతితో మొదలై అమలులోకి వచ్చింది. బడి ఏ బోర్డుదైనా పిల్లలు మొదటి భాషగానో రెండో భాషగానో కన్నడం నేర్చుకుంటారు. అంటే ఈ నగరంలో ఎనిమిదేళ్ళ తెలుగు పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, కన్నడ లిపి వచ్చు. ఈ రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, అచ్చు యంత్రం వచ్చిన తరువాత వాటి రూపాలు మరింత విడివిడిగా స్థిరపడ్డాయి. ఆ పిల్లకు మాటల అర్థాలు నేర్పనవసరం లేదు, అక్షరం అంటే ఏమిటో నేర్పనవసరం లేదు. తేడాలు చూపిస్తే చాలు. కానీ మార్కెట్లో నేను చూసిన తెలుగు వాచకాలన్నీ మూడేళ్ళ పిల్లను ఉద్దేశించినవి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని ఎనిమిదేళ్ళ పిల్ల ముందు పెడితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, రెండో రోజు పుస్తకం ముట్టదు.

నా మొదటి పుస్తకం అ ఆలతో మొదలుకాదు. రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉండే అక్షరాలతో మొదలవుతుంది: గ, జ, న, బ, మ, ర, ల, వ. వీటిలో కొన్నింటికి మారేది తలకట్టు ఒక్కటే. కన్నడంలో అది అడ్డంగా పడుకుంటుంది, తెలుగులో టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. అందుకే పుస్తకమంతా తలకట్టును ఎర్ర రంగులో, మిగతా అక్షరాన్ని నలుపులో వేశాను. మొదటి రోజే పిల్లలు నగరం, వనం, జనం, బలం చదివేస్తారు. క, త, శ లాంటివి తరువాత, ఒక్కొక్కటీ ఒక్కో పేజీ. రెండో పుస్తకం గుణింతాలు. కన్నడంలో కొన్ని దీర్ఘాలు అక్షరం పక్కన విడిగా ఒక గుర్తుగా వస్తాయి, తెలుగులో పైనున్న గుర్తే సాగుతుంది. పిల్లలు తప్పులు చేసేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఆ భాగం పొడుగ్గా ఉంటుంది. మూడోది ఒత్తులు. 'కర్మ' అనే మాటలో ర్‌కు కన్నడంలో అక్షరం తరువాత వచ్చే గుర్తు ఉంది, దాన్ని అర్కావొత్తు అంటారు. మన పాత పుస్తకాల్లోని వలపలగిలక అదే. ఇప్పటి తెలుగు అచ్చులో అది దాదాపు పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల కంటే వాళ్ళ తాతలు ఎక్కువ సంతోషపడ్డారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నా సంపాదనకు మూలం ఈ సన్నటి అవసరమే. ప్రతి సంవత్సరం కొత్తగా ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలు వస్తారు. ఇది రాసే పుస్తకం, పెన్సిలుతో నింపేస్తే అయిపోతుంది, తమ్ముడికి ఇంకోటి కొనాలి. కథల సంపుటి విషయంలో కొత్త పాఠకుణ్ణి ఒక్కొక్కరిగా వెతకవలసి వచ్చింది. ఇక్కడ పాఠకులు ఏటా జూన్‌లో తమంతట తాము తయారవుతారు.

అచ్చు, అందులో పోయిన డబ్బు

లాక్‌డౌన్‌లో ఎనిమిది పేజీల కాగితాలను పీడీఎఫ్‌గా తల్లిదండ్రులకు ఉచితంగా పంపేదాన్ని. అది ఎంత దూరం తిరిగిందో, నాకు తెలియని నంబర్ల నుంచి "తరువాతి పేజీలు ఎక్కడ దొరుకుతాయి మేడమ్" అని సందేశాలు వచ్చినప్పుడు అర్థమైంది. 2021 జూన్‌లో డిజిటల్ ప్రింటింగులో 300 కాపీలు వేయించాను. కాపీకి 71 రూపాయలు పడింది. ఏడు వారాల్లో అయిపోయాయి. కాపీకి అంత ఖర్చుతో బతకలేం, కానీ మూడు వందల కాపీలతో ప్రశ్నకు జవాబు దొరికింది. కొత్తవాళ్ళు నేరుగా వెయ్యి కాపీల ఆఫ్‌సెట్‌కు, అంటే ప్లేట్లు చేసి పెద్ద సంఖ్యలో వేసే అచ్చుకు, వెళ్ళవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఆ డిసెంబరులో ఆఫ్‌సెట్‌లో 1,500 కాపీలు ఇచ్చాను. బెంగళూరులోనే ఒక ప్రెస్సు, పనితనం మంచిదే, కానీ అక్కడ తెలుగు చదవగలిగేవారు లేరు. నేను యూనికోడ్ అక్షరాలతో పేజీలు కట్టి ఇచ్చాను. వాళ్ళు ఒక చిన్న మార్పు కోసం ఫైలును తమ పాత సాఫ్ట్‌వేరులో తెరిచారు. పదకొండు పేజీల్లో ఒత్తులు విడిపోయి, పొల్లు గుర్తుతో అక్షరాలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒత్తులు నేర్పే పుస్తకాల వరుసలో ఒత్తులు తప్పు! ప్రూఫును నేను ఫోను తెర మీద చూసి సరే అన్నాను. తప్పులో సగం వాళ్ళది, సగం నాది, డబ్బు మాత్రం పూర్తిగా నాదే: 54,000 రూపాయలు. కొందరు స్టిక్కర్లు అంటించి అమ్మమన్నారు. తప్పు అక్షరం పిల్ల కంట పడకూడదని మొత్తం తూకానికి వేశాను. 210 కిలోలు తూగింది, రెండున్నర వేలు వచ్చాయి.

అప్పటినుంచి విజయవాడలో అచ్చు వేయిస్తున్నాను. రవాణా ఖర్చు పెరిగింది, కానీ అక్కడ ప్లేటు చేసే అబ్బాయి దగ్గర నుంచి కుట్టు వేసే ఆవిడ దాకా తెలుగు చదువుతారు. ఒకసారి బైండింగు దగ్గర పనిచేసే ఆవిడే ఫోను చేసి, "మేడమ్, ఇరవయ్యో పేజీలో ధ కింద గీత లేదు, చూసుకోండి" అన్నారు. ఇక కాగితం మీద ప్రూఫు చేతికి వచ్చి, మా అమ్మ దాన్ని పైకి చదివేదాకా నేను సంతకం చేయను. అమ్మ నెమ్మదిగా, ప్రతి అక్షరం పలుకుతూ చదువుతుంది. నా కళ్ళు రాసింది చూస్తాయి, అమ్మ కళ్ళు ఉన్నది చూస్తాయి.

ఇప్పుడు ఒక్కో పుస్తకం 64 పేజీలు, పదహారు పేజీల ఫారాలు నాలుగు, లోపల రెండు రంగులు, మధ్యలో పిన్ను. సగటున కాపీకి 38 రూపాయలు పడుతోంది. అక్షరాలకు అనుమతి ఖర్చు లేదు, మండలి, రామభద్ర లాంటి స్వేచ్ఛా ఫాంట్లు ఉన్నాయి. పిల్లలు చేత్తో రాయవలసిన అక్షరాలను మాత్రం ఒక చిత్రకారిణితో రాయించాను, అచ్చు అక్షరం మలుపుకూ చేతి మలుపుకూ తేడా ఉంటుంది.

పుస్తకానికి ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బిఎన్‌కు డబ్బు కట్టనవసరం లేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, స్వయంగా ప్రచురించుకునే రచయితలకు కూడా. దీనికి వేలు గుంజే మధ్యవర్తులు ఉన్నారు, జాగ్రత్త. 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో సహా మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలి. నేను తప్పకుండా పంపుతాను. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, పుస్తకాలు మాత్రమే అమ్మేవారికి నమోదు కూడా అవసరం లేదు. అయితే ప్రెస్సు బిల్లులో పడే పన్ను మనకు తిరిగి రాదు. ధర వేసేటప్పుడు దాన్ని మరిచిపోతే ఆ నష్టం మనదే.

ఎక్కడ అమ్మితే ఎంత మిగిలింది

గత ఆర్థిక సంవత్సరంలో ఐదు పుస్తకాలూ కలిపి 9,000 కాపీలు బయటికి వెళ్ళాయి. విడిగా ధర 150, మూడింటి సెట్టు 420.

ఫోను ద్వారా నాకే నేరుగా వచ్చిన ఆర్డర్లు 3,400 కాపీలు. టపా ఖర్చు కొనేవారిది. కవరు, చీటీ పోను కాపీకి సుమారు వంద రూపాయలు మిగులుతుంది, అదీ పుస్తకం ఇంటి గడప దాటకముందే వస్తుంది. మొత్తం 3,40,000. ఇందులో పెద్ద పని ఓపిక. "మా పాప ఆరో తరగతి, మొదటి పుస్తకం కావాలా రెండోదా?" అని అడిగేవారితో పది నిమిషాలు మాట్లాడతాను. ఆ పాపను కన్నడంలో ఒక వాక్యం రాసి ఫోటో పంపమంటాను. అది చూస్తే ఏ పుస్తకం ఇవ్వాలో తెలిసిపోతుంది. తప్పు పుస్తకం కొన్నవారు రెండోసారి రారు.

నా బతుకును నిజంగా నిలబెట్టింది మాత్రం వారాంతపు తరగతులు. వైట్‌ఫీల్డ్, హూడి, మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల అపార్టుమెంట్లలో కొందరు తల్లులు ఆదివారం ఉదయం ఆరుగురినో పదిమందినో కూర్చోబెట్టి తెలుగు చెబుతారు. జీతం లేదు, బోర్డు లేదు. అలాంటివారు ఇప్పుడు నలభై మంది దాకా నాకు తెలుసు. వారికి ఇరవై శాతం తగ్గింపు ఇస్తాను, చెప్పేవారి కాపీ ఉచితం. కిందటేడు 2,600 కాపీలు ఇలా వెళ్ళాయి, కాపీకి ఎనభై చొప్పున 2,08,000 మిగిలింది. ఒక్కసారి కొన్నవారు ఏటా జూన్‌లో కొంటారు. వారితో నెలకొకసారి మాట్లాడతాను. పుస్తకంలో మార్పులన్నీ అక్కడినుంచే వచ్చాయి. ధర 120 నుంచి 150కి పెంచినప్పుడు వారెవరూ తగ్గలేదు. ఒక ఏడాది 180 చేశాను, ఆర్డర్లు సగమయ్యాయి, వెంటనే వెనక్కి దించాను.

ఈ కట్టల రవాణాలో టపా రేటు ప్రాణం లాంటిది. 2024 డిసెంబరులో ముద్రిత పుస్తకాలకు ఉన్న పాత రిజిస్టర్డ్ సేవ ఆగింది, కొన్ని నెలలు మామూలు పార్సిలు రేట్లతో లెక్కలు తలకిందులయ్యాయి. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే టపా సేవ వచ్చింది, 300 గ్రాములకు 20 రూపాయలతో మొదలై 5 కిలోలకు 100 రూపాయల దాకా. నా పుస్తకం 140 గ్రాములు, అంటే ముప్పై పుస్తకాల కట్ట వంద రూపాయల శ్రేణిలోకి వస్తుంది. పుస్తకం పేజీలు, కాగితం మందం నిర్ణయించేటప్పుడే తూకం వేయాలని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండు పుస్తకాలు కవరుతో కలిపి 300 గ్రాములు దాటకుండా కొత్త ముద్రణలో కాగితం మార్చాను.

ఆన్‌లైన్ దుకాణంలో విడి పుస్తకం పెట్టను. 150 రూపాయల పుస్తకం మీద కమిషను, రుసుములు, రవాణా పోతే ఏమీ నిలవదు. మూడింటి సెట్టు మాత్రమే పెట్టాను, 500 సెట్లు వెళ్ళాయి, సెట్టుకు 128 చొప్పున 64,000 మిగిలింది. పుస్తక ప్రదర్శనల్లో 700 కాపీలు అమ్మాను, స్టాలు అద్దె, రైలు, బస పోను 16,000 మిగిలింది. డబ్బు కోసమైతే వెళ్ళనవసరం లేదు, కానీ పిల్లలు పుస్తకం తెరిచి ఏ పేజీ దగ్గర ఆగుతారో అక్కడ కళ్ళారా చూస్తాను. ఇక దుకాణాలకు 800 కాపీలు ఇచ్చాను. ఏడాది చివరికి సగానికే డబ్బు అందింది. 36,000 వచ్చాయి, అచ్చుకూ రవాణాకూ నేను పెట్టింది 33,600. మొదట్లో చెప్పిన 2,400 ఇదే. మిగతా డబ్బు రావచ్చు, కానీ ఇంటి అద్దె ఐదో తారీఖున కట్టాలి కదా.

ఇవన్నీ కలిపితే 6,30,400. పుస్తకాలు పెట్టుకునే గది అద్దె, చిత్రకారిణి పారితోషికం, ఆడిటరు, ఫోను, కంప్యూటరు, ఉచిత కాపీలు, పాడైనవాటికి బదులు పంపినవి కలిపి 1,24,000 పోయింది. మిగిలింది 5,06,400, నెలకు 42,200. ఇంటి ఖర్చు, అమ్మ ఆరోగ్య బీమా కలిపి 36,000 అవుతుంది. ఉద్యోగం మానేనాటికి నా జీతం 32,000. భవిష్య నిధి లేదు, సెలవులు లేవు. పన్ను దగ్గర ఒక మాట: నేరుగా అమ్ముకున్నది రాయల్టీ కాదు, వ్యాపార ఆదాయం అని మా ఆడిటరు చూపిస్తారు. రాయల్టీ మీద రచయితలకు ఉండే మినహాయింపును నమ్ముకుని లెక్క వేసుకోకండి.

నెలకు 42,200 అన్నాను కానీ అలా నెలనెలా రాదు. సగానికి పైగా డబ్బు ఏప్రిల్, మే, జూన్‌లలోనే వస్తుంది. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళేముందు కొందరు, బడి తెరిచాక కొందరు. దసరాకు కాస్త. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు ఎండాకాలపు చెరువే. సరిగ్గా ఆ చివరన, మార్చిలో, ప్రెస్సుకు మూడు లక్షలు కట్టాలి. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక అమ్మ గాజులు తాకట్టు పెట్టాను, జులైలో విడిపించాను. ఇప్పుడు జూన్ డబ్బులో మూడో వంతు వేరే ఖాతాలో వేసి మార్చి దాకా ముట్టుకోను. ఉద్యోగం మానడానికి కూడా నేను పెట్టుకున్న షరతులు ఇలాంటివే: పుస్తకాల మీద జూన్‌లో జీతానికి తగ్గకుండా రావాలి, ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. రెండూ కుదిరాకే 2023 మార్చిలో రాజీనామా ఇచ్చాను.

అనుకోకుండా వచ్చినవారు

నా పుస్తకం బెంగళూరు పిల్లల కోసం అనుకున్నాను. రెండో ఏడాది బాగేపల్లి, చింతామణి, పావగడ నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. అక్కడ తెలుగు ఇంటి భాష, చదువంతా కన్నడం. ఫోనులో మాట్లాడినవారు నలభై, యాభై ఏళ్ళవారు. పావగడ నుంచి ఒక రైతు, "పిల్లలకు కాదమ్మా, నాకే. మా నాయన రాసిపెట్టిన పద్యాల పుస్తకం ఒకటుంది, అది చదవాలి" అన్నారు. ఆయనకు బొమ్మల పుస్తకం పంపడానికి నాకు మనసు ఒప్పలేదు. ఐదో పుస్తకం అలా పుట్టింది. బొమ్మలు లేవు, అక్షరాలు పెద్దవి, చివర పాత అచ్చులో కనిపించే వలపలగిలక, అరసున్న, బండి ఱ మీద నాలుగు పేజీలు. అన్నిటికన్నా తక్కువ అమ్ముడయ్యేది ఇదే, ఏటా 600 దాటదు. కానీ దాన్ని కొన్నవారిలో చాలామంది తరువాత మనవల కోసం మొదటి మూడూ కొన్నారు.

నాలుగోది చిన్న కథల వాచకం. మొదటి పుస్తకం కొన్న వందమందిలో అరవై మంది దాకా రెండోది కొంటారు, నలభై లోపు మూడోది, నాలుగోదానికి వచ్చేది పాతిక మంది. ఈ మెట్లు ఎందుకు జారుతున్నాయో తరగతులు నడిపే తల్లులను అడిగితే, రెండో పుస్తకం మధ్యలో, ఐత్వం, ఔత్వం దగ్గర పిల్లలు అలసిపోతున్నారని తేలింది. అక్కడ రెండు పేజీల అభ్యాసం తీసేసి, అప్పటికి వచ్చిన అక్షరాలతోనే చదవగలిగే ఒక చిన్న కథ పెట్టాను. ఈ ముద్రణలో మూడోదానికి వచ్చేవారు పెరుగుతారా లేదా అన్నది వచ్చే దసరాకు తెలుస్తుంది.

పీడీఎఫ్‌ల చోరీ గురించి చాలామంది భయపడతారు. నా మూడో పుస్తకం స్కాను చేసిన కాపీ ఒక అపార్టుమెంటు బృందంలో తిరిగింది. ఆ బృందం నిర్వాహకురాలికే ఫోను చేసి, ఈ పుస్తకాల మీదే నా ఇల్లు నడుస్తుందని చెప్పాను. ఆవిడ తీసేయించి, అందరి తరఫున 24 కాపీలు కొన్నారు. ప్రతిసారీ ఇలా జరగదు. అందుకే మొదటి పన్నెండు పేజీలు నేనే ఉచితంగా ఇస్తాను, ప్రతి పేజీ అడుగున నా నంబరుతో. ఈ-పుస్తకం వైపు వెళ్ళలేదు. 2016 చివర కిండిల్ ఐదు భారతీయ భాషలను చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు రాలేదు. అదీగాక పెన్సిలుతో దిద్దవలసిన పుస్తకం తెర మీద ఏం చేస్తుంది?

హోసూరు నుంచి కొందరు తల్లులు తమిళ లిపి నుంచి తెలుగుకు ఇలాంటిదే చేయమని రెండేళ్ళుగా అడుగుతున్నారు. అవసరం నిజమైనదే. కానీ తమిళ లిపికీ తెలుగుకూ ఈ పోలిక లేదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకటే అక్షరం. 64 పేజీల్లో కుదరదు, 128 అవుతుంది, తూకం రెట్టింపు, ధర 260 దాకా వెళుతుంది. ఈ ధరకు ఆదివారం తరగతులు కొంటాయా? అందుకని ఆఫ్‌సెట్ మాట ఎత్తకుండా మొదటి నలభై పేజీలు ఫోటోకాపీ తీసి, హోసూరులో ముగ్గురు తల్లులకు ఇచ్చాను. మొన్న ఆదివారం ఒకరు పిల్లలు రాసిన కాగితాల ఫోటోలు పంపారు. ఘ దగ్గర ఏడుగురిలో ఐదుగురు ఆగారు. ఆ పేజీ మళ్ళీ రాస్తున్నాను.